మిగిలిన కూరను వేడి చేసి పెట్టకు, మళ్లీ వండు

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. నేను ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తాను, ఇంటికి వచ్చేసరికి ఏడు దాటుతుంది. మా ఆయనకు కాజీపేటలో రైల్వే డ్యూటీ, షిఫ్టులు మారుతూ ఉంటాయి కాబట్టి ఎవరు ఎప్పుడు తింటారో చెప్పలేను. ఎంత లెక్క పెట్టుకుని వండినా ఫ్రిజ్‌లో చిన్న చిన్న గిన్నెలు మిగిలిపోతాయి. రెండు రోజులు చూసి పారేస్తాను, పారేసేటప్పుడు బాధేస్తుంది. బాబు నిన్నటి కూర మళ్లీ పెడితే ముట్టడు. అత్తమ్మ అయితే ఫ్రిజ్‌లోది అసలే తినదు. చివరికి వారంలో సగం రోజులు కర్రీ పాయింట్ నుంచే తెస్తున్నాం, అత్తమ్మ ముందు అదో టెన్షన్. మసాలా ప్యాకెట్లు, అల్లం ఎల్లిపాయ పేస్టు లాంటివి వాడితే తప్పా? అరగంటలో ఇంట్లోనే కూర అయ్యే దారి ఏదైనా చెప్పండి.

సమాధానం: చెల్లె, నీకు టైం తక్కువ ఉన్న మాట నిజమే కానీ, నీ ఉత్తరం చదివాక అసలు చిక్కు అది కాదనిపించింది. గిన్నెలో మిగిలినదాన్ని నువ్వు నిన్నటి కూరగానే చూస్తున్నావు, అదే రూపంలో వేడి చేసి అదే పేరుతో మళ్లీ పళ్లెంలో వేస్తున్నావు. బాబు ముట్టకపోవడంలో వాడి తప్పేమీ లేదు, ఆ కూరలో నిన్న ఉన్న రుచి నిజంగానే ఇవాళ ఉండదు. దాన్ని కూరగా కాకుండా సగం పని అయిపోయిన సరుకుగా చూడు. కోసిన ముక్క, ఉడికిన ముక్క, ఉప్పు కారం పట్టిన ముక్క నీ దగ్గర రెడీగా ఉన్నట్టు. అరగంట వంటకు ఇంతకంటే మంచి మొదలు ఇంకోటి లేదు.

మిగిలిన కూరలో ఏం ఉంది, ఏం పోయింది అన్నది ముందు చూసుకోవాలి. ఉప్పు ఉంది, కారం ఉంది, నూనె ఉంది. పోయింది వాసన, అంటే పోపు వాసన, కొత్తిమీర వాసన, చివర్లో వేసిన గరం మసాలా వాసన, ఇవన్నీ ఆవిరితో పాటే వెళ్లిపోతాయి. ముక్క కరకరలాడడం కూడా పోయింది, వేపుడు ఏదైనా రాత్రికే మెత్తబడుతుంది. చాలామంది ఇక్కడ చేసే పని ఏమిటంటే, చప్పగా అనిపించి ఇంకొంచెం ఉప్పు, ఇంకొంచెం కారం వేసేస్తారు. దాంతో కూర చెడుతుంది. దానికి కావాల్సింది కొంచెం పులుపు, తాజాగా పెట్టిన పోపు, పంటి కింద తగిలేది ఏదో ఒకటి. చేపల పులుసు రెండో రోజే బాగుంటుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు కదా, కొర్రమట్ట పులుసు అయితే మరీను, అందులో చింతపండు పులుపు ఉండబట్టే ఆ రుచి నిలబడుతుంది. ఆ లెక్కనే మిగతా కూరలకూ వాడుకోవాలి.

వేపుళ్ల సంగతి ముందు చెప్తాను, ఎక్కువ మిగిలేవి అవే. బెండకాయ, దొండకాయ, ఆలుగడ్డ, వంకాయ, ఏదైనా సరే ఒక చిన్న గిన్నెడు మిగిలిందనుకో. పల్లీలు రెండు చెంచాలు, నువ్వులు ఒక చెంచా, చిన్న కుడుక ముక్క, ఒక చెంచా ధనియాలు సన్నటి మంట మీద వేయించి మిక్సీలో పొడి చెయ్యి. బాణలిలో ఒక ఉల్లిగడ్డ ఎర్రగా వేగాక ఆ పొడి వేసి, నిమ్మకాయంత చింతపండులో సగం నానబెట్టి తీసిన రసం, ఒక గ్లాసు నీళ్లు పోసి, నూనె పైకి తేలేదాకా పది నిమిషాలు ఉడకనివ్వు. బగారా వంకాయకు చేసే పులుసు లాంటిదే ఇది. వేపుడు మాత్రం చివరి మూడు నాలుగు నిమిషాల్లోనే వెయ్యాలి, ముందే వేస్తే ముక్కలు విరిగిపోయి గుజ్జు అవుతాయి. ఉప్పు అప్పటిదాకా వెయ్యకు. ముక్కలు వేశాక రుచి చూసి, తక్కువైతేనే వేసుకో. ముగ్గురికి చాలని వేపుడు ఇలా నలుగురికి సరిపోయే కూర అవుతుంది, బాబు దాన్ని నిన్నటి బెండకాయ అని గుర్తు కూడా పట్టడు.

ఈ పొడి ఒకేసారి ఎక్కువ చేసి గాలి చొరబడని సీసాలో పెట్టుకోవచ్చు, పదిహేను రోజులు బాగానే ఉంటుంది, అయితే పల్లీల్లో నువ్వుల్లో నూనె ఎక్కువ కాబట్టి ఎండాకాలంలో ఫ్రిజ్‌లో పెట్టు, లేకపోతే కనరు వాసన వస్తుంది.

ఆలుగడ్డ గురించి ఒక మాట. ఉడికిన ఆలుగడ్డ ఫ్రిజ్‌లో గట్టిపడి ఇసకలాగ తగులుతుంది, అందులోని పిండి పదార్థం చల్లదనానికి బిగుసుకుపోవడం వల్ల. అన్నం గింజలు గట్టిపడేదీ అందుకే. పొడి బాణలిలో ఎంత వేయించినా అది సరిగ్గా మెత్తబడదు, కొంచెం నీళ్లు చిలకరించి మూత పెట్టి ఆవిరి పట్టిస్తే మళ్లీ మెత్తగా అవుతుంది.

పప్పు మిగిలితే చాలామంది నీళ్లు పోసి వేడి చేస్తారు. నువ్వు పప్పుచారు చెయ్యి, అది వేరే వంటకం అయిపోతుంది. గట్టిపడ్డ పప్పును వేడి నీళ్లతో కవ్వంతో మెదిపి, చింతపండు రసం, రెండు చీల్చిన పచ్చిమిర్చి, పొడుగ్గా కోసిన ఉల్లిగడ్డ, ఉంటే ఒక మునక్కాయ వేసి మరిగించు. అసలు రుచంతా చివర పోపులో ఉంది. నాలుగైదు ఎల్లిపాయ రెబ్బలు పొట్టుతోనే కచ్చాపచ్చాగా దంచి, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో నూనెలో వేయించి, చారు దించాక వేసి వెంటనే మూత పెట్టు. మరిగేటప్పుడే పోపు వేస్తే ఆ వాసన మళ్లీ ఆవిరితో పోతుంది. పప్పు మరీ కొంచెమే ఉంటే గోధుమ పిండిలో కలిపి చపాతీలు చేసెయ్, నీళ్లు వేరే అక్కర్లేదు, ఆ తడితోనే ముద్ద అవుతుంది.

ఆదివారం చికెన్ వండితే సోమవారానికి ముక్కలు అయిపోయి పులుసు మిగులుతుంది, నీ ఇంట్లో కూడా అంతే అయి ఉంటుంది. దాన్ని పారెయ్యకు. గుడ్లు ఉడకబెట్టి, చుట్టూ గాట్లు పెట్టి, కొంచెం నూనెలో పసుపుతో వేయించి, ఆ పులుసులో వేసి ఐదు నిమిషాలు ఉడికించు. గుడ్లు ఉడకబెట్టే ఓపిక కూడా లేకపోతే, పులుసు పలచగా చేసి సలసల మరిగేటప్పుడు గుడ్లు పగలగొట్టి నేరుగా అందులో వదిలి, కదపకుండా మూత పెట్టు, పచ్చసొన గట్టిపడేదాకా ఉంచు. ఫ్రిజ్‌లో ఉన్న మాంసం కూరకు మర్నాడు ఒక పాత వాసన వస్తుంది చూడు, కొవ్వుకు గాలి తగలడం వల్ల వచ్చేది అది. మసాలా ఇంకా దట్టించినా ఆ వాసన పోదు, అరచెక్క నిమ్మరసం, గుప్పెడు కొత్తిమీర, చేతిలో నలిపిన కసూరి మేతి వేస్తే చాలావరకు తగ్గుతుంది. ముక్కలు కూడా మిగిలితే ఎముక నుంచి తీసి సన్నగా చీల్చి, ఇంట్లో ఉన్న పుంటికూర తొక్కు రెండు చెంచాలు వేసి వేయించు. మంచి పుంటికూర చికెన్ పది నిమిషాల్లో అవుతుంది. తొక్కులో ఉప్పు దండిగా ఉంటుంది కాబట్టి ఈ కూరలో ఉప్పు డబ్బా ముట్టుకునే పనే ఉండదు.

తొక్కుల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను, మన ఇళ్లలో జాడీల్లో ఉన్న తొక్కులే అన్నిటికంటే మంచి రెడీమేడ్ మసాలా. చింతకాయ తొక్కు ఒక చెంచా కొంచెం నీళ్లలో కలిపి ఉడికిన పప్పులో వేస్తే చింతకాయ పప్పు. మామిడికాయ పచ్చడి అడుగున మిగిలే పిండి, నూనె ఉంటాయి చూడు, అవి ఉడకబెట్టిన ఆలుగడ్డ ముక్కలకు పట్టించి బాణలిలో తిప్పితే బాబు టిఫిన్ బాక్సులోకి చపాతీతో బాగుంటుంది. టమాట తొక్కు ఉంటే గుడ్డు పొరటులో వేసుకో.

పెరుగు పులిస్తే మజ్జిగ చారు పెట్టు. ఒక గ్లాసు పుల్లటి చల్లకు ఒక చెంచా శనగపిండి ముందే ఉండలు లేకుండా కలిపి పొయ్యి మీద పెడితే విరగదు, ఆ పిండి చల్లను పట్టి ఉంచుతుంది. మంట సన్నగా ఉండాలి, పొంగు వచ్చేదాకా గంటెతో తిప్పుతూ ఉండాలి. ఇందులోకి సాయంత్రం బండి మీద అమ్మే ఉల్లిగడ్డ పకోడీలు వంద గ్రాములు తెచ్చి వేసుకుంటే భోజనం అయిపోతుంది. పకోడీలను తినే ముందే వెయ్యాలి, లేకపోతే చారు మొత్తం పీల్చేస్తాయి. పకోడీలు నిన్నటివి మిగిలాయా, అయితే పకోడీ కూర చెయ్యి. ఉల్లిగడ్డ, టమాట, కారం, ధనియాల పొడితో పలచటి పులుసు చేసి అవి అందులో వేసి ఐదు నిమిషాలు ఉంచితే మెత్తగా ఊరతాయి. కారా బూందీతో టమాట కూర కూడా ఇంతే, పొయ్యి కట్టేశాక బూందీ కలపాలి.

ఇప్పుడు నువ్వు అడిగిన ప్యాకెట్ల విషయానికి వస్తాను. తప్పేమీ లేదు. అయితే బజారులో దొరికే సరుకుల్లో రెండు రకాలున్నాయి, ఒకటి నీ చేతి పని తగ్గించేది, రెండోది నీ బదులు రుచిని తయారు చేసేది. ఒలిచిన ఎల్లిపాయలు, తరిగిన కూరగాయలు, ఫ్రీజర్‌లో పెట్టే పచ్చి బఠాణీలు, పన్నీరు, మీల్ మేకర్, టమాట ప్యూరీ, కొబ్బరి పాల ప్యాకెట్, దోస పిండి, ఇవన్నీ మొదటి రకం. నిశ్చింతగా కొనుక్కో, వీటికి డబ్బు పెడితే నీ టైం కొన్నట్టే. ఫలానా కూర మసాలా అని ఒక్కో కూరకు ఒక్కో పొడి, నీళ్లు పోస్తే గ్రేవీ అయ్యే మిక్సులు, రెడీమేడ్ కూర పేస్టులు రెండో రకం. వాటిలో నువ్వు కొనేది చాలాసార్లు ఉప్పు, నూనె, రంగు.

ఇది ఊరికే అనడం లేదు, ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే నీకే తెలుస్తుంది. అందులో కలిపిన సరుకులను ఎక్కువ బరువున్నదాని నుంచి తక్కువ బరువున్నదాని వరసలో రాయాలని మన దేశంలో నిబంధన ఉంది. కాబట్టి మొదటి మూడు పేర్లలో ఉప్పు, చక్కెర, నూనె కనిపిస్తే అది మసాలా పొడి అనుకోకు. ఇంకోటి, పోషకాల పట్టికలో ఉప్పు అని కాకుండా సోడియం అని రాస్తారు, ఆ మిల్లీగ్రాముల అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకు రోజుకు అన్నీ కలిపి 5 గ్రాముల లోపు ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే ఒక టీస్పూను. ప్యాకెట్ అంకె వంద గ్రాములకు రాశారా, ఒకసారి తినే భాగానికి రాశారా అన్నది కూడా చూడాలి. అత్తమ్మకు బీపీ ఉంటే ఇది మరీ ముఖ్యం, గ్రేవీ మిక్సు వేసి, పైన నీ అలవాటు కొద్దీ ఒక చెంచా ఉప్పు వేస్తే ఎంతవుతుందో ఆలోచించు.

అల్లం ఎల్లిపాయ పేస్టు కొనొచ్చు, కాకపోతే దాన్ని ఇంట్లో నూరినదానిలా వాడకూడదు. చెడకుండా ఉండాలని అందులో ఉప్పు, పులుపు కలుపుతారు. అందుకే నూనెలో పచ్చి వాసన పోయేదాకా కొంచెం ఎక్కువసేపు వేయించాలి, కూరలో ఉప్పు ఆ మేరకు తగ్గించాలి, దించే ముందు గోరంత తాజా అల్లం తురిమి వేస్తే కొన్న పేస్టు అని ఎవరికీ తెలియదు. ఇంట్లో చేసుకుంటే ఐసు ట్రేలో గడ్డలు కట్టించి ఫ్రీజర్‌లో పెట్టుకో, రోజూ ఒక గడ్డ తీసి నేరుగా బాణలిలో వెయ్యొచ్చు. నూనె పోసి నూరిన ఎల్లిపాయ ముద్దను మాత్రం ఫ్రిజ్ బయట ఎప్పుడూ ఉంచకు, గాలి తగలని చోట పెరిగే ప్రమాదకరమైన బ్యాక్టీరియాకు అది అనువైన చోటు, వాసన మారకుండానే విషం అవుతుంది.

రెడీ టు ఈట్ ప్యాకెట్లను చూసి చాలామంది ఏదో మందు కలిపారని భయపడతారు. గట్టిగా సీలు చేసిన కవరును లోపలి కూరతో సహా దాదాపు 121 డిగ్రీల వేడిలో ఉంచి సూక్ష్మజీవులను చంపుతారు, బయట నెలల తరబడి నిలవ ఉండేది అందుకే. మీ ఆయన నైట్ డ్యూటీ రోజుల కోసం ఒకటో రెండో ఇంట్లో ఉంచుకోవడంలో తప్పు లేదు. ఆ కూరలో ఉడకబెట్టిన బఠాణీ, ఆలుగడ్డ, పన్నీరు ఉప్పు లేకుండా కలిపితే పరిమాణం పెరుగుతుంది, ఉప్పు నూనె ఘాటు తగ్గుతుంది. పన్నీరును వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచి వేస్తే రబ్బరులా సాగదు.

నా ఓటు మాత్రం ఇంట్లో చేసుకునే రెడీమేడ్‌కే. నీకు సెలవు ఉన్న రోజు ఒక గంట కేటాయించు. కిలో ఉల్లిగడ్డలు, కిలో టమాటలు, అది చాలు. ఉల్లిగడ్డలు మిక్సీలో నీళ్లు లేకుండా కచ్చాపచ్చాగా తిప్పి, ముప్పావు గ్లాసు నూనెలో మధ్యస్థం మంట మీద గోధుమ రంగు వచ్చేదాకా వేయించాలి, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది, ఇక్కడ తొందరపడితే తర్వాత చేసే ప్రతి కూరలోనూ పచ్చి ఉల్లిగడ్డ వాసన వస్తుంది. నాలుగు చెంచాల అల్లం ఎల్లిపాయ ముద్ద, పసుపు వేసి వాసన మారాక టమాట గుజ్జు పోసి, నూనె అంచుల్లో విడిచేదాకా ఉంచు. గరం మసాలా వెయ్యకు, కారం కూడా వెయ్యకు, ఉప్పు చిటికెడే. అప్పుడే ఆ ముద్ద ఏ కూరకైనా పనికొస్తుంది. రంగు కావాలంటే మన వరంగల్ చపాటా మిర్చి పొడి రెండు చెంచాలు వెయ్యి, లబ్బకాయ అంటారు చూడు, 2025లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది దానికే, ఎర్రటి రంగు బాగా ఇస్తుంది కానీ ఘాటు తక్కువ కాబట్టి బాబుకూ ఇబ్బంది ఉండదు. ఆ రంగు ఇంట్లో ఉండగా ప్యాకెట్ రంగులు మనకెందుకు.

చల్లారాక దాన్ని ఒక్కో కూరకు సరిపడేలా చిన్న డబ్బాల్లో సర్దు. మూడు రోజులకు సరిపడేది ఫ్రిజ్ కింద, మిగతాది ఫ్రీజర్‌లో. ఫ్రీజర్‌లో నెల రోజులు బాగానే ఉంటుంది. ఏడు గంటలకు ఇంటికి వచ్చి అన్నం కుక్కర్ పెట్టి, పక్క పొయ్యి మీద ఒక డబ్బా ముద్ద వేసి నీళ్లు పోశావంటే, మూడు విజిల్స్ వచ్చేలోపు బఠాణీ పన్నీరు, గుడ్ల కూర, మీల్ మేకర్, ఉడికిన శనగలు, నీ ఇష్టం, ఏదో ఒకటి అయిపోతుంది. అదే ముద్దలో కొబ్బరి పాలు పోస్తే కుర్మా, చింతపండు పోస్తే పులుసు, మెంతికూర వేస్తే ఇంకోటి.

కర్రీ పాయింట్ గురించి అత్తమ్మ ముందు తల దించుకోవాల్సిన అవసరం లేదు. హన్మకొండలో ఉద్యోగాలు చేసే ఇళ్లలో సగం రాత్రులు గడిచేది వాటి మీదే, ఆ కూరలు వండేది కూడా తెల్లవారి లేచి కష్టపడే ఆడవాళ్లే చాలాచోట్ల. తెచ్చేది ఏమిటి అన్నదే చూసుకో. పప్పు, చారు కొనకు, అవి ఇంట్లో కుక్కర్‌లో అయిపోతాయి, పైగా కొన్న పప్పులో పప్పు కన్నా నీళ్లే ఎక్కువ. ఎక్కువసేపు పట్టే కాకరకాయ, గోరుచిక్కుడు, గుత్తి వంకాయ లాంటివి ఒక కవరు తెచ్చుకో. నూనె పైన తేలుతుంటే గంటెతో తీసెయ్. వెళ్లేటప్పుడు స్టీలు డబ్బా పట్టుకెళ్లు, పొగలు కక్కే కూరను పలచటి ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవడం మంచిది కాదు. అది ఎప్పుడు వండారో మనకు తెలియదు కాబట్టి దాన్ని మర్నాటికి మాత్రం దాచకు. మిగిలిన కూరలతో ఇన్ని వంటలు చెప్తున్న నేను ఈ ఒక్కటీ ఒప్పుకోను.

ఇక అత్తమ్మ మాట. ఫ్రిజ్‌లోది తినను అంటే ఆమెతో వాదించకు, ఆమె జాగ్రత్తలో నిజం ఉంది. మిగిలింది తినడం మన వాళ్లకు కొత్త కాదు, పొద్దున్నే సద్ది అన్నంలో చల్ల పోసుకుని పొలానికి పోయిన ఊళ్లే మనవి. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గరికి మనం కట్టుకెళ్లే పులిహోర, నిమ్మకాయ సద్ది, పెరుగు సద్ది గంటల తర్వాత తిన్నా బాగుంటాయి, పులుపు ఉన్నచోట సూక్ష్మజీవులు నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి. అత్తమ్మకు భయం కలిగించేది కూర బయట ఎంతసేపు ఉంది అన్నది. అక్కడ ఆమె చెప్పేదే సరి.

అందుకే ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండు. వండిన కూర, అన్నం పొయ్యి దించాక రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి, ఏప్రిల్ మేలో మన వరంగల్ ఎండలకు గంటలోపే. పూర్తిగా చల్లారాలని రాత్రంతా గట్టు మీద ఉంచి పొద్దున ఫ్రిజ్‌లో పెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వెడల్పాటి గిన్నెలోకి మార్చి ఫ్యాన్ కింద పెడితే త్వరగా ఆరుతుంది, గోరువెచ్చగా ఉన్నప్పుడే మూత పెట్టి లోపల పెట్టెయ్. అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియాకు విత్తనాల లాంటి రూపం ఉంటుంది, అవి అన్నం ఉడికినా చావవు, అన్నం బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. బయట రాత్రంతా ఉన్న అన్నాన్ని పులిహోర కలిపినా, పోపు పెట్టినా అది బాగుపడదు. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికే వాడెయ్. కూరలైతే మూడు రోజులు, అంతే. వేడి చేసేటప్పుడు తినేంత మాత్రమే తీసి పొగలు వచ్చేదాకా, పులుసైతే బుడగలు వచ్చేదాకా మరిగించు. గిన్నె మొత్తం వేడి చేసి మళ్లీ లోపల పెట్టి మళ్లీ తీసి, అలా చెయ్యకు.

గిన్నెలకు మూతల మీద ఒక టేపు ముక్క అంటించి వండిన రోజు రాసిపెట్టు. మీ ఆయన అర్ధరాత్రి డ్యూటీ దిగి వచ్చినప్పుడు ఏది ముందు తినాలో అడగాల్సిన పని ఉండదు, అత్తమ్మకు కూడా ఏది ఎప్పటిదో కనిపిస్తుంది.

అత్తమ్మకు విడిగా వండాల్సిన పని కూడా లేదు. నీ దగ్గర ఉన్న ఉల్లిగడ్డ టమాట ముద్ద కూడా ఫ్రిజ్‌లోదే అంటే, ఆమె కోసం ఒక చిన్న గిన్నెలో తాజా పచ్చిపులుసు కలుపు, పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు, చింతపండు రసం, ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిర్చి, నువ్వుల పొడి చాలు. ఇంట్లో అందరూ పోసుకుంటారు దాన్ని, ముద్దపప్పు ఉంటే ఇంకా మంచిది.

సొరకాయ కూర, పాలకూర, మెంతికూర లాంటివి ఒక గుప్పెడే మిగిలితే సర్వపిండి చెయ్యి. కొన్న బియ్యప్పిండి రెండు గ్లాసులు, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఆ కూర, గోరువెచ్చటి నీళ్లు వేసి ముద్ద కలిపి, అడుగున నూనె రాసిన గిన్నెలో ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేసి మూత పెట్టు, సన్నటి మంట మీద పది పన్నెండు నిమిషాలు. ఇందులో మిగిలిన కూర ఉందని అత్తమ్మకు మాత్రం ముందే చెప్పి పెట్టు, తినడం తినకపోవడం ఆమె ఇష్టం. చెప్పకుండా పెట్టి తర్వాత తెలిస్తే నమ్మకం పోతుంది, అది కూర కంటే పెద్ద విషయం.

ముందు వేపుడు పులుసుతో మొదలుపెట్టు, ఈ వారమే. చింతపండు నువ్వు ఆఫీసుకు వెళ్లే ముందే గిన్నెలో నానేసి ఫ్రిజ్‌లో పెట్టి పోతే సాయంత్రం ఇంకో పది నిమిషాలు మిగులుతాయి. బాబు తిన్నాడో లేదో రాయి, తినకపోతే ఏ కూర, ఎలా చేశావో కూడా రాయి, ఎక్కడ తేడా వచ్చిందో చూద్దాం.